ముప్పై ఏడున్నర దగ్గర నిలిచిన పెట్టె

"పిల్లలు కూస్తలేవు బిడ్డా" అంది చిన్నమ్మ ఫోన్‌లో.

నేను కరీంనగర్‌లో నా రిపేరు దుకాణంలో ఒక ఇన్వర్టర్ బోర్డు విప్పుకుని కూచున్నాను. ఏ పిల్లలని అడగలేదు. ముందురోజు పొద్దున ఆమే ఫోన్‌ను గుడ్లు పొదిగే పెట్టె అద్దానికి ఆనించి నాకు వినిపించింది. పెంకు పగలడానికి ఒకటి రెండు రోజుల ముందు కోడిపిల్లలు గుడ్డు లోపలినుంచే కూస్తాయి. సన్నటి కూతలు, వందలకొద్దీ, ఒకదాని మీద ఒకటి. చిన్నమ్మ ఆ మధ్యలో నవ్వింది కూడా.

"వేడి అంకె ఎంతుంది?" అన్నాను.

"ముప్పై ఏడున్నర. నిన్నటిసంది గదే ఉంది. జర కూడ కదల్లే."

పనిచేస్తున్న పెట్టెలో అంకె కదలకుండా ఉండదు. కొంచెం పైకి పోతుంది, కొంచెం కిందికి వస్తుంది.

"స్విచ్ బంద్ చేసి మళ్ల వెయ్యి చిన్నమ్మా."

స్విచ్ చప్పుడు రెండుసార్లు వినిపించింది. 

"నలభై ఆరు సూపిస్తుంది" అంది. "అద్దం తలుపు తెరువనా? జర గాలి తగిలితే లేస్తయేమో" అని అడిగింది.

తెరువమన్నాను. ఆ వేడిలో ఒక రాత్రంతా ఉన్న గుడ్లు లేవవని నాకు తెలుసు. అయినా తెరువమన్నాను.

చిన్నమ్మ మా అవ్వకు, అంటే మా అమ్మకు, చెల్లెలు. లక్సెట్టిపేట అవతల, గోదావరి పక్కన ఒక ఊళ్లో ఆమె అత్తగారిల్లు. ఆమె భర్త, మా చిన్నబాపు, గల్ఫ్‌లో ఉంటాడు. సెలవు దొరికినప్పుడు వస్తాడు, సూట్‌కేసు సర్దుకుని పోతాడు. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఆమె, ఆమె అత్త, ఇద్దరే. ఆ అత్తకు కోపం వచ్చినా గొంతు పెరగదు. అన్నం వడ్డిస్తున్నంత మామూలుగా మనిషిని కోస్తుంది.

ఆ ఇంట్లో తనదంటూ ఒక పని ఉండాలని చిన్నమ్మ గుడ్లు పొదిగే మిషన్ తెచ్చుకుంది. కరీంనగర్ బయట ఒక షెడ్డులో తయారైంది అది. బీరువా అంత ప్లైవుడ్ పెట్టె, ముందర అద్దం తలుపు, లోపల హీటర్, గాలికి ఫ్యాన్, పైన ఎర్రటి అంకెలు వెలిగే చిన్న తెర. ఊరి ఆడవాళ్లు తమ నాటుకోళ్ల గుడ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. కోడి పొదుగుకు కూచుంటే అన్ని రోజులూ గుడ్డు పెట్టదు; మిషన్‌కు ఇస్తే కోడి తన మానాన తను పెడుతూనే ఉంటుంది. పుట్టిన పిల్లల్లో సగం గుడ్లిచ్చినామెవి, సగం చిన్నమ్మవి. ఎవరి గుడ్ల మీద వాళ్లు బొగ్గుతో గుర్తు గీసుకునేవాళ్లు. ఒకామెది సున్న, ఒకామెది అడ్డగీత, ఒకామెది మూడు చుక్కలు. మొదట రెండు దఫాలు పిల్లలు బాగా దిగాయి. మూడోసారి ఆడవాళ్లు వద్దన్నా తెచ్చిచ్చారు, పెట్టె నిండిపోయింది.

కూతలు నాకు వినిపించిన రోజే, మధ్యాహ్నం దాటాక, ఆ ఊళ్లో గాలిదుమారం లేచింది. కరెంట్ పోలేదు. పోయినా బాగుండేది. తీగలు ఒకదానికొకటి తగిలి బల్బులు మినుకుమని, భగ్గుమని, మళ్లీ మినుకుమని, కాసేపు అట్లా ఆడి నిలబడ్డాయి. అది ఊళ్లో ఎవరికీ వింత కాదు. చిన్నమ్మ పోయి తెర చూసింది. ముప్పై ఏడున్నర. కావలసింది అదే. మర్నాడు పొద్దున లేవగానే చూసింది, అదే. ఆమె అత్త పెట్టె మీద చెయ్యి ఆనించి, "గిది కాలుతుంది పిల్లా" అందట. "అంకె మంచిగనే ఉంది అత్తా" అని చిన్నమ్మ జవాబు చెప్పిందట. ఆ మాట తర్వాత ఆమె మెడకు చుట్టుకుంది.

ఫోన్ పెట్టేసి బస్సెక్కాను. పొద్దు వాలకముందే ఊరు చేరాను. వాకిట్లో అడుగుపెడుతుండగానే ఉడికిన గుడ్ల వాసన. గుడ్లిచ్చిన ఆడవాళ్లు అప్పటికే వచ్చి అరుగు మీద, గోడ పక్కన కూచుని ఉన్నారు. పెట్టెలోని అరలన్నీ తీసి వాకిట్లో వరుసగా పరిచి ఉన్నాయి. చిన్నమ్మ వాటి మధ్యలో గొంతుకు కూచుని ఉంది.

"మంచి గుడ్లు ఎవరికన్న అమ్ముకుని, మురిగిపోయినయి పెట్టిందో ఏమో. మనకేం ఎరుక" అంది సున్న గుర్తు ఆమె. ఎవరి మొహమూ చూడకుండా అంది.

చిన్నమ్మ అత్త లోపలికి పోయి వెడల్పాటి స్టీలు బేసిన్ తెచ్చి కోడలి ముందర పెట్టింది. "అందరి ముంగట పలుగగొట్టు. ఎవరి గుడ్డుల ఏముందో వాళ్లే సూసుకుంటరు."

"ఎందుకవ్వా, చచ్చినయి చచ్చినయి. మిషన్ ఖరాబైంది" అన్నాను నేను.

"మిషన్ ఖరాబైతే అంకె ఎట్ల మంచిగ సూపించింది బిడ్డా? నా చేతికి కాలింది. ఆమె కంటికి మాత్రం అంతా మంచిగనే కనబడ్డది." ఆమె నా వైపు తిరిగి ప్రశాంతంగా చెప్పింది. "నువ్వు ముట్టకు. ఆమె చేసింది ఆమెనే సూపియ్యాలె."

చిన్నమ్మ మొదటి గుడ్డు తీసుకుని బేసిన్ అంచుకు కొట్టింది. లోపల పూర్తిగా పెరిగిన పిల్ల. తడి ఈకలు, మూసిన కళ్లు, రెక్క కింద దూర్చిన తల. పెంకుకు ఆనిన ముక్కు. రెండోది పగలగొట్టింది, అదే. కొన్ని గుడ్లు లోపలినుంచే చిట్లి ఉన్నాయి; బయటికి రావడానికి ముక్కుతో పొడిచి, అంతవరకే వచ్చి ఆగిపోయినవి. పెంకు తీయగానే గుర్తు ఎవరిదో వాళ్లు మెడ చాచి చూసేవాళ్లు. "గిది నాది" అనేవాళ్లు. "గీ రెండు నావి." ఎవరూ లేచి పోలేదు. మూడు చుక్కల ఆమె ఒక్కతే మధ్యలో, "ఇగ చాలు, వదిలెయ్యుండ్లి" అంది గానీ ఆమె మాట ఆమెకే సరిగ్గా వినబడినట్టు లేదు.

చిన్నమ్మ చేతులు మోచేతుల దాకా తడిసిపోయాయి. ఆమె ఏడవలేదు. ఒక్కో గుడ్డు తీసేముందు దాని మీది గుర్తు అందరికీ కనబడేలా తిప్పి చూపించి కొట్టింది. చూపించమన్నారు కదా, చూపించింది.

చివరి అరలో, గోడ వైపు మూలకున్న గుడ్డులో పిల్ల కదిలింది. బతికి ఉంది. నేలమీద పెడితే కాళ్లు పక్కకు చాపుకుని పడిపోయింది, ముక్కు తెరిచింది, శబ్దం రాలేదు. చిన్నమ్మ రెండు చేతులతో దాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. అత్త వంగి దాన్ని ఆమె ఒళ్లోనుంచి తీసుకుంది. "ఉడికిన పాణం. బతికినా కుంటిదే" అని మెడ తిప్పి బేసిన్‌లో వేసింది. వేసి, చీర కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ, ఆడవాళ్లందరూ వింటుండగా అంది: "కడుపుల పండలే. పెట్టెల పండలే."

ఆ మాటకు చిన్నమ్మ తలెత్తి అత్త మొహంలోకి చూసింది.  బేసిన్ ఎత్తుకుని చేను వైపు పోయింది. కుక్కలు వెంట పోయాయి.

మర్నాడు పెట్టె మీది బోర్డు విప్పి నేను కరీంనగర్ తెచ్చుకున్నాను. చిన్నమ్మను కూడా నాతో తీసుకువచ్చాను. ఆ ఇంట్లో ఆమెను వదిలి రాబుద్ధి కాలేదు.

ఆ బోర్డు మీద వేలిగోరంత నల్లటి చిప్ ఉంటుంది, మైక్రోకంట్రోలర్. అది చేసే పని చిన్నది. లోపల వేడి ఎంతుందో సెన్సర్‌ను అడగాలి, తక్కువైతే హీటర్ వెయ్యాలి, ఎక్కువైతే ఆర్పాలి, మళ్లీ అడగాలి. కరెంట్ పూర్తిగా పోతే చిప్ ఆగిపోతుంది, వచ్చాక మొదటినుంచి మొదలుపెడుతుంది. దానితో బాధ లేదు. ఓల్టేజీ సగానికి పడి, వెంటనే లేస్తేనే ప్రమాదం. అప్పుడది పూర్తిగా చావదు, సరిగ్గా బతకదు. తను ఏ పనిలో ఉన్నదో తప్పిపోతుంది. సెన్సర్‌ను అడిగి, ఎన్నటికీ రాని జవాబు కోసం ఎదురుచూస్తూ అక్కడే నిలబడిపోవచ్చు. ఆ క్షణంలో హీటర్ వెలుగుతుంటే ఇక వెలుగుతూనే ఉంటుంది.

దీనికి మందు కూడా చిప్‌లోనే ఉంటుంది. వాచ్‌డాగ్ టైమర్ అంటారు. తన మానాన తాను లెక్కపెట్టుకుంటూ పోయే ఒక గడియారం అది. ప్రోగ్రామ్ తన పని ఒక చుట్టు ముగించిన ప్రతిసారీ ఆ లెక్కను సున్నకు తేవాలి. తేలేదంటే ఎక్కడో చిక్కుకుపోయిందని అర్థం. లెక్క నిండగానే వాచ్‌డాగ్ ఎవరినీ అడగకుండా చిప్‌ను రీసెట్ చేస్తుంది; అది మళ్లీ మొదటినుంచి లేస్తుంది.

నా బల్ల మీద వేరియాక్ ఉంది. దాని పిడి తిప్పితే ఓల్టేజీ మనం కోరినట్టు పడుతుంది, లేస్తుంది. హీటర్‌కు బదులు ఒక బల్బు తగిలించి, గాలిదుమారంలో కరెంట్ ఆడినట్టు పిడిని ఆడించాను. చాలాసార్లు ఏమీ కాలేదు. చిన్నమ్మ పక్కన స్టూలు మీద కూచుని చూస్తోంది. ఆమె నన్ను నమ్ముతున్నదో లేదో కూడా నాకు తెలియలేదు. ఇక చేయి నొప్పి పుడుతుండగా బల్బు వెలిగి అట్లాగే నిలిచిపోయింది. సెన్సర్‌ను పిడికిట్లో పట్టుకున్నాను, అంకె కదల్లేదు. పక్క దుకాణంనుంచి ఐసు ముక్క తెప్పించి దాని మీద పెట్టాను. అంకె కదల్లేదు. బల్బు ఆరలేదు. తెర మాత్రం నిండుగా, కొత్తదానిలా వెలుగుతోంది.

చిన్నమ్మ లేచి వచ్చి తెరను వేలితో తాకింది.

"గిట్లనే ఉండె" అంది. "అచ్చం గిట్లనే ఉండె బిడ్డా. నేను మాటిమాటికి పోయి సూసిన."

పెట్టెలు తయారుచేసే ఆయన షెడ్డు పట్నం బయట. ఇద్దరం పోయాం. ఆయన మర్యాద తెలిసిన మనిషి. కుర్చీలు వేయించాడు, చాయ్ తెప్పించాడు. నేను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నాడు.

"మీరేం చదివిండ్లు మేడమ్?"

"డిప్లొమా."

"ఊఁ" అన్నాడు. "వాచ్‌డాగ్ ఉంది. వాచ్‌డాగ్ లేని బోర్డు నేను బయటికి పంపను."

"దాని లెక్క ఎక్కడ సున్న చేస్తున్నరు?"

"టైమర్ ఇంటరప్ట్‌ల."

నాకు అప్పుడు అర్థమైంది. ఇంటరప్ట్ అంటే చిప్ ఏ పనిలో ఉన్నా సరే, లోపలి గడియారం కొట్టినప్పుడల్లా దానంతటది జరిగే చిన్న పని. తెర మీది అంకెలను వెలిగించేది అదే. అసలు పని చిక్కుకుపోయినా ఇది మాత్రం ఆగకుండా నడుస్తుంది. వాచ్‌డాగ్ లెక్కను కూడా దీనికే అప్పగించారు. కాబట్టి వాచ్‌డాగ్‌కు ఎప్పుడూ అంతా బాగున్నట్టే.

"ఏమంటుండు బిడ్డా?" అని చిన్నమ్మ అడిగింది.

మా బాపు నస్పూర్‌లో బొగ్గుబాయి మనిషి, గనిలో దిగి పనిచేస్తాడు. ఆమెకు ఆ సంగతులు తెలుసు. "బాపు బాయిల దిగేటప్పుడు బిళ్ల తీసుకపోతడు గదా చిన్నమ్మా. పైకి వచ్చినంక వాపస్ ఇస్తడు. బిళ్ల రాకపోతే మనిషి లోపలనే ఉన్నడని వెతుకుతరు. వీళ్లు ఏం చేసిండ్లంటే, పైన కూసున్నోడితోనే అందరి బిళ్లలు మేకుకు తగిలిపిస్తుండ్లు. కింద మనిషి ఏమైండో అడిగేటోడు లేడు."

చిన్నమ్మ ఆయన వైపు తిరిగింది. "అంటే మీకు ఎరుకనేనా?"

ఆయన తడబడలేదు. "మొదట్ల సరిగ్గనే పెట్టినం అమ్మా. కరెంట్ ఆడినప్పుడల్లా బోర్డు రీసెట్ అయ్యేది. డిస్‌ప్లే ఆరిపోయి మళ్ల వెలిగేది. జనం దాన్ని చూసి మిషన్ ఖరాబని వాపస్ తెచ్చుడు మొదలుపెట్టిండ్లు. గిట్ల మార్చినంక డిస్‌ప్లే ఆరదు. ఒక్క మిషన్ వాపస్ రాలే."

"గుడ్లు చస్తయి గదా" అన్నాను.

"ఎప్పుడో ఒకపారి. అప్పుడు కూడా మిషన్‌ను ఎవరంటరు? అంకె మంచిగనే ఉంటది. ఆడోళ్లు సరిగ్గ చూసుకోలే అంటరు." ఆయన దీన్ని దాచి చెప్పలేదు, గొప్పగా కూడా చెప్పలేదు. వానాకాలం వానలు పడతాయన్నట్టు చెప్పాడు. "మీరు సీలు తీసి బోర్డు విప్పిండ్లు మేడమ్. నాకు సంబంధం లేదనొచ్చు. కానీ నేను అట్ల అనను. కొత్త బోర్డు ఇస్త. మొత్తం సరిచేసింది. ఈ అమ్మ ఒక చిన్న వీడియో చెప్పాలె."

ఊళ్లో జరిగింది అప్పటికే ఆ చుట్టుపక్కల పాకిందట. ఆయనకు రెండు మూడు ఊళ్లనుంచి ఫోన్లు వచ్చాయట. మిషన్ మంచిదే, తప్పు తనదే అని చిన్నమ్మ నోటితో చెప్పాలి.

"వద్దు చిన్నమ్మా" అన్నాను.

"కొత్త బోర్డు లేకుంటే నేను ఆ ఇంటికి ఏం మొహం పెట్టుకుని పోను?" అంది. "వాళ్లకు పిల్లలన్న చేసియ్యాలె గదా."

ఆయన ఫోన్ తీసి, వెలుతురు బాగా పడేచోట ఆమెను నిలబెట్టాడు. కొంగు సర్దుకోమన్నాడు. మొదటిసారి ఆమె గొంతు లేవలేదు, మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి చెప్పాక, "నేను చదువుకోలే అని కూడ ఒక మాట కలుపు అమ్మా, జనం నమ్ముతరు" అన్నాడు. చిన్నమ్మ ఇంటర్ చదివింది. మా ఇంట్లో అంతవరకు చదివిన మొదటి ఆడపిల్ల ఆమె. ఫోన్‌లోకి చూస్తూ, "నేను చదువుకోలే. నాకు సమజ్ కాక ఎక్కువ వేడి పెట్టిన. మిషన్ మంచిదే" అంది. ఆయన బొటనవేలు చూపించి బాగుందన్నాడు.

మేం దుకాణానికి వచ్చేలోపే ఆ వీడియో వాళ్ల ఊరి గ్రూపులో పడింది. సాయంత్రం చిన్నబాపు గల్ఫ్‌నుంచి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టలేదు గానీ ఆయన గొంతు నాకు స్పష్టంగా వినబడింది. "మా అవ్వ చెప్తే నేను నమ్మలే. నువ్వే ఒప్పుకుంటివి గదా ఇప్పుడు. మా క్యాంపుల అందరు చూసిండ్లు. నవ్వుతుండ్లు." చిన్నమ్మ, "అట్ల కాదు, జర ఇనుండ్లి" అని రెండుసార్లు అంది. అవతల ఫోన్ పెట్టేశాడు. తర్వాత చాలా రోజులు ఆమెకు చెయ్యలేదు, తల్లికే చేసేవాడు.

కొత్త బోర్డును నేను బల్ల మీద పెట్టి వేరియాక్ పిడి ఆడించాను. అది పాతదాని కంటే తొందరగా చిక్కుకుంది. తెర వెలుగుతూనే ఉంది. అదే ప్రోగ్రామ్. మార్చింది బోర్డు రంగొక్కటే.

చిన్నమ్మకు చూపిస్తే, "ఇగ మళ్ల పోయి అడుగుదామా?" అంది. నేను వద్దన్నాను. ఆ చిప్ తీసేసి ఇంకోటి వేసి, ప్రోగ్రామ్ నేనే రాశాను. సెన్సర్‌ను అడగడం, జవాబు రావడం, హీటర్‌ను వేయడమో ఆర్పడమో పూర్తయ్యాకే వాచ్‌డాగ్ లెక్క సున్న అవుతుంది. ఓల్టేజీ మరీ పడితే చిప్ సగం ప్రాణంతో తిరగకుండా, కరెంట్ నిలబడేదాకా దాన్ని ఆపి ఉంచే ఏర్పాటు కూడా అందులోనే ఉంటుంది. దాన్నీ ఆన్ చేశాను. ఇవేవీ పనిచేయకపోయినా వేడి మితిమీరితే హీటర్‌కు పోయే కరెంట్‌ను ఆపేసే చిన్న థర్మోస్టాట్ ఒకటి విడిగా బిగించాను. మళ్లీ వేరియాక్ తిప్పాను. తెర ఆరిపోయింది, మూడు గీతలు చూపించింది, కొత్త అంకెతో వెలిగింది. ఎన్నిసార్లు ఆడించినా అంతే.

"గిట్ల ఆరిపోతే భయమైతది బిడ్డా" అంది చిన్నమ్మ.

"ఆరకుంటేనే భయపడాలె" అన్నాను.

ఊరికి తీసుకుపోయి బిగించాను. మొదట్లో ఎవరూ గుడ్లు ఇవ్వలేదు. చిన్నమ్మ సంతలో నాటు గుడ్లు కొని పెట్టింది. దిగిన పిల్లలను ఆ ఆడవాళ్ల ఇళ్లకు తనే బుట్టలో పెట్టుకుని పోయి ఇచ్చి వచ్చింది. వాళ్లు తీసుకున్నారు. మంచినీళ్లు తాగుతావా అని కూడా ఎవరూ అడగలేదట. తర్వాత మెల్లగా గుడ్లు రావడం మొదలైంది. వానాకాలమంతా కరెంట్ ఆడుతూనే ఉంది, తెర ఆరుతూ వెలుగుతూనే ఉంది, పిల్లలు దిగుతూనే ఉన్నాయి. చిన్నమ్మ అత్త వచ్చిన వాళ్లకు పెట్టె చూపించి, "నా కొడుకు కష్టం. ఇప్పుడు ఈమెకు కూడ జర బుద్ధొచ్చింది" అని చెప్పేది. చిన్నమ్మ ఆమెకు ఎదురు చెప్పేది కాదు. కానీ ముసలామెకు ఇష్టమైన కోడిగుడ్డు కూర ఆ ఇంట్లో వండడం మానేసింది. గుడ్లన్నీ పెట్టెకే కావాలంది.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం నేను అక్కడికి పోయాను. ఇద్దరం గుడ్లు తుడుస్తుండగా చిన్నమ్మకు తెలియని నంబర్‌నుంచి ఫోన్ వచ్చింది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టింది. ఒక చిన్న వయసు ఆడమనిషి. ఆదిలాబాద్ అవతల పత్తిచేన్ల ఊరు. మాటలో మరాఠీ యాస; అక్కా అనే చోట బాయీ అంటోంది.

"బాయీ, మిషన్ అమ్మినోళ్లు మీ వీడియో మా ఇంట్ల చూపెట్టిండ్లు, మీ నంబర్ వాళ్ల దగ్గరనే తీసుకున్న. మా పెట్టెల పిల్లలన్నీ చచ్చినయి. అంకె మంచిగనే ఉండె. నేను ఏం ముట్టలే. ఆ బాయి ఒప్పుకుంది, నువ్వు కూడ ఒప్పుకో అంటుండు మా మామ. పెనిమిటి కొట్టిండు. మీరు నిజంగ వేడి ఎక్కువ పెట్టిండ్లా బాయీ? జర నిజం చెప్పుండ్లి."

నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె చేతిలోని గుడ్డును తుడవడం ఆపలేదు.

"నేనే పెట్టిన" అంది. "నువ్వు కూడ పెట్టే ఉంటవు. సూసుకోలేదేమో."

అవతల ఏదో అంటుండగానే తడి వేలితో ఫోన్ కట్ చేసింది.

"ఎందుకట్ల చెప్పినవు?"

"మరేమనాలె? మిషన్‌దే తప్పు అంటే రేపు ఆ మాట ఈ ఊరికి రాదా? గీ పెట్టెకు మళ్ల గుడ్లెవరిస్తరు?" ఇంకో గుడ్డు అందుకుని, "నా గుడ్లు పలుగగొట్టిననాడు నాకోసం ఎవరన్న ఒక్క మాట అన్నరా?" అంది. నేను పక్కనే ఉన్నానని, అన్నానని గుర్తుచేయలేదు. ఆమె లెక్కలో అది మాట కాదు.

ఆమె పిల్లలకు దాణా వెయ్యడానికి లేచి పోయినప్పుడు ఆ నంబర్ నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. కరీంనగర్ వచ్చాక ఫోన్ చేసి, నేను వచ్చి చూస్తానని చెప్పాను. ఆమె నమ్మలేదు. "ఎందుకొస్తరు?" అని అడిగింది. నేను ఊరి దారి అడిగి రాసుకున్నాను.

నేను రాసిన ప్రోగ్రామ్‌తో చిప్, థర్మోస్టాట్ తీసుకుని పోయాను. ఆదిలాబాద్‌లో బస్సు మారి, చివర ఆటోలో ఆ ఊరు చేరాను. వాకిట్లో పత్తి కుప్ప. పెట్టె వసారాలో ఒక మూలకు పెట్టి ఉంది, అద్దం తలుపు తాడుతో కట్టి ఉంది. చిన్నమ్మకు ఫోన్ చేసిన అమ్మాయి కుప్ప దగ్గర కూచుని పత్తిలోని చెత్త ఏరుతోంది. నన్ను చూసి లేచింది గానీ దగ్గరికి రాలేదు, మామ వైపు చూసింది. ఆమె ఎడమ కన్ను కింద నలుపు పసుపుకు తిరుగుతోంది.

మామకు అంతా వివరంగా చెప్పాను. ముందు ఆయన పెట్టెను ఎట్లా ఉందో అట్లాగే ప్లగ్గు పెట్టి చూపించాను. స్విచ్‌ను తొందరతొందరగా, చిప్ పూర్తిగా ఆగేలోపే, వేస్తూ తీస్తూ ఉంటే, ఎంతోసేపటికి, అది చిక్కుకుంది. సెన్సర్‌ను నా చాయ్ గ్లాసుకు ఆనించాను. అంకె కదల్లేదు. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. ఆయన చెయ్యి పట్టుకుని హీటర్ దగ్గర పెట్టాను. వేడి తగిలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తర్వాత చిప్ మార్చి, థర్మోస్టాట్ బిగించి, మళ్లీ అంతా చూపించాను. తెర ఆరింది, వెలిగింది, గ్లాసు వేడికి అంకె పెరిగింది, హీటర్ ఆగింది.

"మీ కోడలు తప్పేం లేదు" అన్నాను. "ఎవరున్నా అంతే జరిగేది."

ఆయన తల ఊపాడు. చాలా సేపు ఊపాడు. ఆ అమ్మాయి చేతిలో పత్తి పట్టుకుని మా వైపే చూస్తోంది. ఆయన నిజంగానే అర్థం చేసుకున్నాడని నాకు అనిపించింది. అర్థం చేసుకున్నాడు కూడా.

"అంటే ఇగ ఇది మంచిగైనట్టే. ఫికర్ లేదు" అన్నాడు.

"లేదు."

ఆయన లోపలికి తిరిగి పెద్ద కోడలిని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గీ బాయి దగ్గర అంతా నేర్చుకో. మిషన్ నీ అర్రల పెట్టుకో. ఇగనుంచి నువ్వు చూడు."

"ఇది ఈ అమ్మాయిది గదా" అన్నాను.

"ఇంటిది" అన్నాడు ఆయన. "ఆమె చేతి గుణం మంచిగ లేదు. మిషన్ మంచిగైంది, చెయ్యి మంచిగైతదా?" ఆయన గొంతులో కోపం లేదు. నాకు భోజనం పెట్టమని కూడా చెప్పాడు, ఇంత దూరం వచ్చిందని.

పెద్ద కోడలు నా పక్కన కూచుని అడిగినవన్నీ చెప్పాను. నీళ్ల గిన్నె ఎక్కడ పెట్టాలి, గుడ్లు రోజుకు ఎన్నిసార్లు తిప్పాలి, చివరి రోజుల్లో ఎందుకు తిప్పకూడదు. చెప్పక ఏం చెయ్యను. ఆమె మంచిదే, శ్రద్ధగా విన్నది, రెండోసారి అడిగి మరీ తెలుసుకుంది. తోడికోడలి వైపు ఒకసారి చూసి తల దించుకుంది.

తర్వాత మామ చిన్న కోడలిని పిలిచి ఒక పక్క పట్టమన్నాడు. ఆమె పత్తి వదిలేసి వచ్చి పెట్టెను అటునుంచి ఎత్తింది. ఇద్దరు ఆడవాళ్లూ దాన్ని వసారాలోనుంచి పెద్ద కోడలి గదిలోకి మోసుకుపోయారు. గడప దగ్గర పెట్టె అంచు పడి చిన్న కోడలి వేళ్లు నలిగాయి. ఆమె పట్టు వదల్లేదు.

"మెల్లగ" అన్నాడు మామ. "అద్దం పలుగుతది."